ఇది అన్నయ్యదండీ

కైకలూరులో అందరికీ పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా ఒక గంట. రత్నకుమారికి మాత్రం అది పరుగుపందెం. ఒక చేత్తో ఇడ్లీ రేకులు దించాలి, ఇంకో చేత్తో కూతురు స్టెల్లాకి జడలు వెయ్యాలి, నోటితో కొడుకు జాషువాకి సాక్సులు ఎక్కడున్నాయో చెప్పాలి. ఆ తరవాత చీర మార్చుకుని, రెండు వీధుల అవతల తను పాఠాలు చెప్పే స్కూలుకే ఇద్దరినీ వెంటబెట్టుకుని, బెల్లు కొట్టేలోగా చేరాలి.

ఆ హడావుడిలో జాషువా నోరు మూతపడితే ఒట్టు. ఎనిమిదేళ్ళు రాబోతున్న ఆ పిల్లాడికి చెప్పడానికి లోకమంతా ఉంది. ఆటపాక పక్షుల చెరువు దగ్గర గూడబాతు చేపని మింగేముందు సంచిలో నీళ్ళు ఎలా వంపేస్తుందో మెడ సాచి మరీ చూపించాడు. నాన్న పనిచేసే రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే చక్రాలు ఆగిపోతే ఏమవుతుందో నానమ్మకి వివరించాడు. నానమ్మ దేవకుమారి నవ్వి, "ముందా ఇడ్లీ మింగరా నాయనా, నీ గూడబాతు ఎక్కడికీ పోదు" అంది. వాడికన్నా ఏడాదీ మూడు నెలలు చిన్నదైన స్టెల్లా మాత్రం ఏమీ మాట్లాడలేదు. కంచం ముందు కూర్చుని కళ్ళు మూసుకుని నములుతోంది.

"ఈ పిల్లకి రాత్రి సరిగ్గా నిద్ర లేదే అమ్మాయ్. నిద్దట్లో ఏదో అప్పజెప్తూనే ఉంది. పెదాలు ఆగితేనా?" అంది దేవకుమారి.

"బద్ధకం అత్తయ్యా. బయటికెళ్తే అదే సర్దుకుంటుంది" అంది రత్నకుమారి, రిబ్బను ముడి బిగిస్తూ.

సర్దుకునే మాట నిజమే. గేటు దాటగానే పిల్లలిద్దరూ తారుమారయ్యేవారు. గేటుకి గడియ పడిందంటే జాషువా నోటికీ గడియ పడేది. స్టెల్లా వాడి చెయ్యి పట్టుకుని, వాడి వంతు మాటలు కూడా తన నెత్తిన వేసుకుని నడిచేది. కిళ్ళీకొట్టు తాత "ఏం బాబూ, బడికా?" అని పలకరిస్తే, "అవునండీ, అన్నయ్యకి ఇవాళ డ్రాయింగ్ ఉందండీ" అని అదే చెప్పేది. క్లాసులో టీచరు ప్రశ్న అడిగితే లేచి తన జవాబు చెప్పి, కూర్చోకుండా, "ఇది అన్నయ్యదండీ" అని ఇంకో జవాబు చెప్పేది. ఆదివారం చర్చిలో పిల్లలు వరసగా నిలబడి వాక్యం అప్పజెప్పేటప్పుడూ అంతే, తనది ఒకటి, అన్నయ్యది ఒకటి. పాస్టరుగారితో సహా అందరూ మురిసిపోయి నవ్వేవారు. ఎంత ముద్దుగా ఉందో అనుకునేవారు. మూడేళ్ళ పైగా అలా ముద్దుగానే నడిచిపోతోంది.

అదెలా మొదలైందో రత్నకుమారికి బాగా గుర్తు. జాషువాని ఎల్‌కేజీలో వేసిన కొత్తలో వాడు నాలుగు నెలలపాటు ఒక్క మాట మాట్లాడలేదు. బాత్రూముకి వెళ్ళాలని అడగలేక నిక్కరు తడుపుకునేవాడు. ఏలూరులో చూపిస్తే, ఇంట్లో గలగలా మాట్లాడి బయట నోరు విప్పని పిల్లలు కొందరుంటారనీ, మెల్లమెల్లగా అలవాటు చెయ్యాలనీ, నెలనెలా తీసుకురమ్మనీ డాక్టరు చెప్పాడు. రెండుసార్లు తీసుకెళ్ళింది. మూడోసారికి మందు ఇంట్లోనే దొరికింది. మూడేళ్ళు నిండీ నిండని స్టెల్లాని తీసుకెళ్ళి వాడి పక్కన కూర్చోబెట్టింది. వాడు ఏడుపు మానేశాడు. హెడ్మిస్ట్రెస్ రిజిస్టరులో స్టెల్లా పుట్టిన తేదీని ఒక ఏడాది వెనక్కి జరిపింది. అదేం వింత కాదు. ఆ చుట్టుపక్కల సగం మందికి రెండేసి పుట్టినరోజులుంటాయి, తల్లి కన్న రోజొకటి, హెడ్మాస్టరు రాసిన రోజొకటి. ఒకరికొకరు తోడుంటారు, అంతకంటే ఏం కావాలి అంది దేవకుమారి. ఏలూరు బస్సెక్కే పని తప్పింది.

రత్నకుమారి భర్త వరదానానికి ఇందులో సగమే తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికే చెరువుల మీదికి వెళ్ళి నీళ్ళు పరీక్ష చేసే మనిషి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. ఆయన గుమ్మంలో కాలు పెట్టగానే కొడుకు మెడకి చుట్టుకుని కబుర్లు మొదలుపెట్టేవాడు. బడిలో వాడు కాస్త సిగ్గరి అని భార్య చెప్తే, పోనీలే, మగపిల్లాడికి కాస్త సిగ్గుంటే మంచిదే అని నవ్వేవాడు. ప్రోగ్రెస్ కార్డుల్లో ఇద్దరికీ మంచి మార్కులే. ఇక అనుమానం ఎక్కణ్ణించి వస్తుంది?

ఆ ఏడాది ఆయనకి సౌదీలో, సముద్రం ఒడ్డున పెద్ద రొయ్యల ఫారంలో ఉద్యోగం వచ్చింది. కుటుంబానికి క్వార్టరు కూడా ఇస్తామన్నారు. జీతం కన్నా ఆ మాటకే వరదానం పడిపోయాడు. ఆయనతో కలిసి చదువుకున్న కొల్లేటికోట స్నేహితుడు ఒకడు ఒంటరిగా వెళ్ళి, ఆరేళ్ళ తరవాత వచ్చేసరికి కన్నకూతురు తల్లి వెనకాల దాక్కుంది. అది కళ్ళారా చూసినవాడు కాబట్టి, వెళ్తే నలుగురం వెళ్దాం, లేకపోతే లేదు అని మొదట్లోనే తేల్చేశాడు. పిల్లలకి అక్కడి స్కూల్లో సీట్లు వచ్చినట్టు ఉత్తరం చూపిస్తేనే కంపెనీ కుటుంబం వీసా కాగితాలు కదుపుతుందట. ఆ సీట్ల కోసమే ఇంట్లో నెలరోజులుగా తర్జనభర్జన.

అక్కడ ఉన్నవి రెండే దారులు. టౌన్లో పెద్ద ఇండియన్ స్కూలు ఉంది, అబ్బాయిలకి ఒక బిల్డింగు, నాలుగు కిలోమీటర్ల అవతల అమ్మాయిలకి ఇంకో బిల్డింగు. లేదంటే కంపెనీ కాలనీలోనే ఒక చిన్న బడి ఉంది, అయిదో తరగతి దాకా పిల్లలందరినీ ఒకే హాల్లో కూర్చోబెడతారు. వరదానం పెద్ద స్కూలంటాడు. రత్నకుమారి చిన్న బడంటుంది. అసలు కారణం మాత్రం చెప్పదు.

ఆ శుక్రవారం చెరువు పని ఆలస్యంగా ఉండటంతో వరదానం పిల్లలతో పాటే టిఫినుకి కూర్చున్నాడు. ఫోన్లో మెయిల్ చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"రత్నం, పెద్ద స్కూలువాళ్ళు రాశారు. రేపు పదింటికి జాషువాకి, పదిన్నరకి స్టెల్లాకి ఆన్‌లైన్లో ఇంటర్వ్యూ. ఎవరినీ పక్కన ఉండనివ్వరంట. ఒక్కొక్కళ్ళనే కూర్చోబెట్టాలి."

"ఏవండీ, ఆ కాలనీ బడే చూడకూడదా? ఇద్దరూ ఒకచోటే ఉంటారు."

"మళ్ళీ అదే పాట. నువ్వు టీచరువి. అయిదు క్లాసులూ కలిపి కూర్చోబెట్టే బడి కావాలని నువ్వే అంటే ఎలాగ? ఒక్క కారణం చెప్పు, వింటాను."

రత్నకుమారికి కారణం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ చెప్తే ప్రయాణం ఆగుతుంది. ఉద్యోగానికి సంతకాలు పెట్టేసిన మనిషి, అప్పుడు ఒక్కడే వెళ్ళాల్సి వస్తుంది. అదొక భయం. ఇన్నాళ్ళూ తెలిసి తెలిసి చేసిన పని, అదీ ఒక టీచరై ఉండి చేసిన పని, నోటితో ఒప్పుకోవడం ఇంకో భయం. "చిన్నపిల్లలు కదండీ" అని గొణిగి ఊరుకుంది.

వరదానం ఇంకో సంగతి కూడా చెప్పాడు. పాస్‌పోర్టు ప్రకారం స్టెల్లా ఒకటో తరగతి వయసుదే, ఇక్కడి సర్టిఫికెట్లో ఏడాది ఎక్కువ ఎందుకుందని వాళ్ళు అడిగారట. "నీకూ అలాగే రాయించాంరా, నువ్వేమన్నా చెడిపోయావా?" అంది దేవకుమారి. ఆయన నవ్వేసి, అక్కడ ఒకటో తరగతిలోనే వేస్తారంట, మంచిదేగా అన్నాడు. రత్నకుమారి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తరగతులు వేరైపోతే ఇప్పుడు ఆ చిన్న బడిలో కూడా పిల్లలిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోరు.

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. వరదానానికి కొల్లేరు పక్క చెరువులో రొయ్యల పట్టుబడి ఉంది. మధ్యాహ్నం దాటితే గాని రాడు. ఆయన బండి వీధి మలుపు తిరిగేదాకా రత్నకుమారి గుమ్మంలోనే నిలబడింది. తరవాత లోపలికి వచ్చి స్టెల్లాని దగ్గరికి తీసుకుంది.

"ఇవాళ ముందు అన్నయ్యలాగా చెప్పాలమ్మా. అది అయ్యాక నీలాగా చెప్పాలి."

స్టెల్లా కాసేపు ఆలోచించింది. "పేరు కూడానా అమ్మా?"

"పేరు కూడా."

పక్కన నిలబడి వింటున్న జాషువా, "మరి నేనేం చెయ్యాలి?" అని అడిగాడు. నువ్వేం చెయ్యక్కర్లేదు నాన్నా, లోపలి గదిలో చప్పుడు చెయ్యకుండా కూర్చో అని పంపేసింది. ఒక్కసారి సీటు వస్తే చాలు, అక్కడికెళ్ళాక కొత్త గాలి, కొత్త మనుషులు, దేవుడే వాడి నోరు తెరిపిస్తాడని తనకి తాను చెప్పుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే ఉంది ఆమె లెక్క.

సరిగ్గా పదింటికి ల్యాప్‌టాప్‌లో ఒక టీచరమ్మ కనిపించింది. నెట్ బాగా లేదండీ, మా వైపు వీడియో ఆపుతామండీ అని రత్నకుమారి ముందే చెప్పింది. ఆవిడ సరేనంది. స్టెల్లా ఇంగ్లీషులో అన్నయ్య పేరు చెప్పింది, అన్నయ్య వయసు చెప్పింది, ఆరో ఎక్కం తడబడకుండా చెప్పింది, పేరా చదివింది. రత్నకుమారి గుండె కాస్త కుదుటపడింది. అంతలో ఆ టీచరమ్మ, కైకలూరా నాన్నా మీది, మాది భీమవరమే అంటూ తెలుగులోకి దిగింది. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగింది. అమ్మ, నాన్న, నానమ్మ, నేను, మా చెల్లి అండీ అని చెప్పింది స్టెల్లా.

"మీ చెల్లి గురించి చెప్పు. తనకేమంటే ఇష్టం?"

స్టెల్లా తల్లి వైపు చూసింది. రత్నకుమారి గాలిలో బొమ్మ గీసినట్టు వేలు తిప్పి చూపించింది. ఆ పిల్ల చూపు తల్లి వేలి మీద ఆగలేదు.

"తనకి నిద్రంటే ఇష్టమండీ."

టీచరమ్మ నవ్వింది. "అంత నిద్రేంటి?"

"అలిసిపోద్దండీ. రోజూ రెండు గుర్తుపెట్టుకోవాలి కదండీ. అన్నయ్యది ఒకటి, తనది ఒకటి. ఒక్కోసారి అన్నయ్యది చెప్పేసి తనది మర్చిపోద్దండీ. అప్పుడు తనకి మార్కు పోద్దండీ."

"అన్నయ్యదేంటి నాన్నా? అన్నయ్యవి నువ్వేగా?"

స్టెల్లా రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచే ఏడుపు వచ్చేసింది. "తప్పయిపోయిందండీ. నేను స్టెల్లానండీ. మా అన్నయ్యకి సీటు ఇచ్చెయ్యండీ, నాకు వద్దులెండి" అంది.

వెనక ఏదో కదిలినట్టయి రత్నకుమారి తిరిగి చూసింది. గుమ్మంలో వరదానం నిలబడి ఉన్నాడు, కాళ్ళకి మోకాళ్ళ దాకా చెరువు బురద. ఐసు లారీ రాక పట్టుబడి ఆగిపోయిందట. ఎంతసేపటి నుంచి వింటున్నాడో ఏమో. ఆయన నెమ్మదిగా వచ్చి ల్యాప్‌టాప్ ముందు వంగి, "మేడమ్, పిల్లల తండ్రినండీ. తప్పు మాదండీ, పిల్లది కాదు. నేను తరవాత ఫోన్ చేస్తానండీ" అని చెప్పి మూసేశాడు.

స్టెల్లాని ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు. దాని గౌనుకి బురద అంటుకుంది. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు.

రత్నకుమారి అన్నీ చెప్పింది. చెప్తున్నకొద్దీ ఆ మాటలు తనకే కొత్తగా, ఎవరో పరాయి ఇంటి సంగతిలాగా వినిపించాయి. దొడ్లో చేపలు కడుగుతున్న దేవకుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇంత చిన్నదానికి కేకలెందుకురా అంది. ఆయన కేకలేమీ వెయ్యలేదు.

"నువ్వు టీచరువి రత్నం."

"టీచర్నేనండీ. అందుకే ఇంత బాగా దాచాను" అంది రత్నకుమారి. "వాడు నోరు తెరవకపోతే అందరూ వాణ్ణి ఏమనుకుంటారోనని చూశాను గానీ, దీన్ని చూడలేదండీ. ఇది బాగానే ఉందనుకున్నాను. నవ్వుతూనే ఉండేది కదా. మీరు మాత్రం ఒక్కరోజైనా వాడి క్లాసు గుమ్మం దాకా వచ్చారా?"

నీళ్ళల్లో గాలి తగ్గితే రొయ్య పైకి తేలుతుందని వరదానానికి తెలుసు, అది కనిపెట్టడమే ఆయన ఉద్యోగం. ఇంట్లో పిల్ల కంచం ముందు తూగుతుంటే కనిపెట్టలేకపోయాడు.

లోపలి గది కర్టెన్ పక్కకి జరిగింది. జాషువా వచ్చి నాన్న ముందు నిలబడ్డాడు. వరదానం కింద కూర్చుని, "నువ్వే వచ్చి చెప్పుంటే బాగుండేది కదా నాన్నా. చెప్పలేవా?" అని అడిగాడు.

"ఏమో నాన్నా. చెప్దామని లోపల అనుకుంటూనే ఉంటాను. గొంతులోకి వచ్చేలోపల చెల్లి చెప్పేస్తుంది. ఇవాళ అమ్మ లోపల కూర్చోమంది. నన్ను ఎవరూ అడగరు."

స్టెల్లా నాన్న భుజం మీంచి తలెత్తింది. "నేను చెప్పకపోతే అందరూ నిన్నే చూస్తారు కదా అన్నయ్యా. నీకు ఏడుపొస్తుంది కదా. నీకు ఏడుపొస్తే నాకూ వస్తుంది" అంది.

రత్నకుమారి గోడకి ఆనుకుని కింద కూలబడి చీర చెంగు నోట్లో కుక్కుకుంది. కొడుక్కి తోడు ఇచ్చానని ఇన్నాళ్ళూ మురిసిపోయింది. మూడేళ్ళ పసిదాని మీద తల్లి చెయ్యాల్సిన పని పెట్టి, ఆ మందుతో వాడి నోరు ఇంకా గట్టిగా మూసేసింది. ఒక్క పిల్లని కాదు, ఇద్దరినీ పాడుచేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అనుకుంటూ వెక్కివెక్కి ఏడ్చింది. దేవకుమారి కోడలి పక్కనే చతికిలబడి, "నేను కూడా చర్చిలో అందరితో పాటు నవ్వాను కదమ్మాయ్" అని కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం భీమవరం టీచరమ్మే ఫోన్ చేసింది. తిట్టలేదు. అమ్మాయికి ఒకటో తరగతిలో సీటు ఇస్తామనీ, బాబుకి మాత్రం ఈ ఏడాది కుదరదనీ, డాక్టరు దగ్గర మానకుండా చూపిస్తే వచ్చే ఏడాది మళ్ళీ తనే మాట్లాడతాననీ చెప్పింది. వరదానం థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసి చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. రత్నకుమారి టీ తెచ్చి పక్కన పెట్టింది.

"పై నెల నేనొక్కణ్ణే వెళ్తాను రత్నం. నువ్వు వాణ్ణి ఏలూరు తీసుకెళ్ళు. ఈసారి మూడోసారికి మానెయ్యకు."

"మాననండీ" అంది. వెళ్తే నలుగురం అన్న మనిషి ఆ మాట ఎంత కష్టపడి అన్నాడో ఆమెకి తెలుసు. ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఆయన తీసెయ్యలేదు. టీ చల్లారిపోయింది.

సోమవారం భార్యాభర్తలిద్దరూ పిల్లలతో కలిసి బడికి వెళ్ళారు. హెడ్మిస్ట్రెస్ తలొంచుకుని రిజిస్టరులో స్టెల్లా తేదీ సరిచేసింది. వరండాకి ఒక పక్క ఒకటో తరగతి, ఎదురుగా రెండో తరగతి. స్టెల్లా గుమ్మంలో ఆగిపోయి తల్లి చెంగు పట్టుకుంది.

"మరి అన్నయ్యది ఎవరు చెప్తారమ్మా?"

"ఎవరూ చెప్పరు తల్లీ. అన్నయ్యకి వచ్చినప్పుడు అన్నయ్యే చెప్తాడు. అప్పటిదాకా టీచర్ ఆగుతారు. నువ్వు నీ ఒక్కదానిది చెప్పు, చాలు."

ఎదుటి గదిలో హాజరు పిలిచారు. జాషువా పేరు వచ్చింది. ముందే చెప్పి ఉంచడంతో టీచరు ఆగింది. పిల్లలంతా వెనక్కి తిరిగి చూశారు. వాడి పెదవి వణికింది, కళ్ళు నిండిపోయాయి, మాట రాలేదు. బెంచీ అంతా ఖాళీగా ఉన్నా వాడు ఒక చివరకే ఒదిగి, చెల్లి కూర్చునే చోటు అలాగే వదిలిపెట్టి కూర్చున్నాడు. వరదానం ఒక్క అడుగు ముందుకి వేశాడు. రత్నకుమారి ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. టీచరు కాసేపు చూసి, చిన్నగా నవ్వి, తరవాతి పేరు పిలిచింది.

ఇవతలి గదిలో టీచరు పిల్లల్ని ఒక్కొక్క పక్షి పేరు చెప్పమంటోంది. స్టెల్లా లేచి "గూడబాతండీ" అంది. చెప్పి, కూర్చోలేదు. అలవాటుగా "ఇది" అని మొదలుపెట్టి, పక్కన ఖాళీ చోటు చూసుకుని ఆగిపోయింది.

"బాగా చెప్పావమ్మా. ఇంక కూర్చో, అయిపోయింది" అంది టీచరు.

అయిపోయిందన్న మాట నమ్మకం కుదరనట్టు ఆ పిల్ల కాసేపు అలాగే నిలబడింది. తరవాత కూర్చుంది. రెండు చేతులూ డెస్కు మీద పెట్టి, వాటి మీద తల పెట్టుకుంది. అయిదు నిమిషాలు కాలేదు, నిద్రపోయింది. లేపబోతూ టీచరు గుమ్మం వైపు చూసింది. వద్దు, లేపొద్దండీ అని రత్నకుమారి రెండు చేతులూ జోడించింది.

కిటికీ దగ్గరికి వెళ్ళి కూతురి మొహం చూసింది. దాని పెదవులు కదలడం లేదు.